నూట ఇరవై రోజుల అరువు

2024 సంక్రాంతికి ఊరెళ్ళాను. జనవరి 13, శనివారం. తెల్లారితే భోగి. పొద్దున్నే పాలకొల్లులో రైలు దిగి, అక్కావాళ్ళింటికి చేరి, అక్క ఇచ్చిన కాఫీ ఇంకా సగం కూడా తాగలేదు, బావ దగ్గర్నుంచి ఫోను.

"ఏరా, దిగావా? ఒక్కసారి ఆఫీసుకి రా. కంప్యూటర్లన్నీ చచ్చాయి."

సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఊరెళితే ఇది మామూలే కదా! ప్రింటరు దగ్గర్నుంచి పక్కింటివాళ్ళ సెల్‌ఫోను దాకా అన్నీ మన పేషెంట్లే :-). ఇదీ అలాంటిదేలే అనుకుని, స్నానం కూడా చెయ్యకుండా బయల్దేరాను. వెళ్ళి చూశాక తెలిసింది, చచ్చినవి కంప్యూటర్లు కావు. అంతకంటే బాధ కలిగించిన సంగతి ఏంటంటే, అందులో నా చెయ్యి కూడా ఉంది.

మా బావది కొబ్బరి వ్యాపారం. పాలకొల్లులో గొడౌను, దాన్నానుకుని ఆఫీసు. నరసాపురంలో ఒకటి, ఆచంటలో ఒకటి, చించినాడ వంతెన దాటితే రాజోలులో ఒకటి, కాయ కొనే చిన్న చిన్న కౌంటర్లు. లెక్కల సాఫ్ట్‌వేరు మాత్రం పాలకొల్లులో ఉన్న ఒకే ఒక సర్వర్ మీద నడుస్తుంది. మిగతా అందరూ రిమోట్ డెస్క్‌టాప్ లో దాంట్లోకి వచ్చి పని చేసుకుంటారు. రైతుకి ఎంతివ్వాలి, లారీకి ఎన్ని వేల కాయ ఎక్కింది, దింపు కూలీలకెంత, ఒలుపు కూలీలకెంత.. సర్వం అందులోనే.

నేను వెళ్ళేసరికి గొడౌను ముందు ముప్ఫై మంది దాకా నిలబడి ఉన్నారు. వారం కూలి డబ్బులు. పండగ బట్టలు, పిండివంటలకి సరుకులు, అన్నీ ఆ డబ్బుల మీదే. లోపల ఏ కంప్యూటర్ లో చూసినా ఒకటే సందేశం. లైసెన్సు ఇచ్చే సర్వర్ ఏదీ అందుబాటులో లేదు కాబట్టి కనెక్షన్ తెగిపోయింది అని. గుమాస్తా గారు (ఆయన బావ వాళ్ళ నాన్నగారి రోజుల్నుంచీ ఉన్నారు) నన్ను చూసి "లైసెన్సేంటి బాబూ, మన కొట్టుకి మునిసిపాలిటీ లైసెన్సు కట్టేశాం కదండీ" అన్నారు. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు.

నేను అడిగిన మొదటి ప్రశ్న: "బావా, ఈ కొత్త సర్వర్ ఎప్పుడు పెట్టారు?"

"వినాయక చవితికి ముందురా. నువ్వే కదా మార్చమని పోరు పెట్టావు. సెప్టెంబరు 15."

సెప్టెంబరు 15 నుంచి లెక్కపెట్టండి. జనవరి 13 కి సరిగ్గా 120 రోజులు.

మనలో విండోస్ సర్వర్ల మీద పనిచేసేవాళ్ళకి ఈ అంకె చూడగానే అర్థమైపోయుంటుంది. మిగతావాళ్ళ కోసం కొంచెం చెప్తాను. విండోస్ సర్వర్ లోకి మామూలుగా ఒకేసారి ఇద్దరు రిమోట్ గా రావచ్చు, అదీ సర్వర్ నిర్వహణ పనికి మాత్రమే. అంతకంటే ఎక్కువమంది వచ్చి రోజూ పని చేసుకోవాలంటే సెషన్ హోస్ట్ అనే రోల్ పెట్టాలి, దానికి తోడు లైసెన్సులిచ్చే సర్వర్ ఒకటి పెట్టాలి (రెండూ ఒకే పెట్టెలో ఉండొచ్చు), మనిషికో కంప్యూటర్ కో ఒకటి చొప్పున రిమోట్ డెస్క్‌టాప్ యాక్సెస్ లైసెన్సు కొనాలి. వీటినే కాల్స్ అంటాం. మామూలు విండోస్ సర్వర్ కాల్స్ వేరు, ఇవి వేరు. రెండూ ఉండాలి. ఇవేవీ లేకపోయినా సెషన్ హోస్ట్ మొదటి కనెక్షన్ వచ్చిన రోజు నుంచి 120 రోజులు నోరు మూసుకుని పని చేస్తుంది. దాన్నే గ్రేస్ పీరియడ్ అంటారు. 120 రోజులు దాటగానే తలుపు వేసేస్తుంది.

హెచ్చరిక ఇవ్వదా అంటే ఇస్తుంది. ఇన్ని రోజుల్లో ఆగిపోతాను అని సర్వర్ తెర మీద ఓ మూల చెప్తూనే ఉంటుంది. కానీ ఆ మాట కనిపించేది అడ్మినిస్ట్రేటర్ గా లాగిన్ అయినవాళ్ళకి. బావ ఆఫీసులో అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరా లేదు. సర్వర్ పెట్టిన కుర్రాడి దగ్గరే ఉంది.

ఇప్పుడు నా చెయ్యి సంగతి చెప్తాను. బావ పాత సర్వర్ విండోస్ 2012 ఆర్2. దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2023 అక్టోబర్ 10 తో ఆగిపోయింది. ఆ తర్వాత సెక్యూరిటీ ప్యాచ్‌లు కావాలంటే విడిగా డబ్బు కట్టాలి, అదీ 2026 అక్టోబర్ 13 వరకే. రిమోట్ డెస్క్‌టాప్ తెరిచిపెట్టుకున్న సర్వర్ ని ప్యాచ్‌లు లేకుండా నడపడమంటే వీధి తలుపు తీసి పడుకోవడమే. 2019 మే లో బ్లూకీప్ అని బయటపడిన లోపం గుర్తుందా? అది సరిగ్గా ఈ రిమోట్ డెస్క్‌టాప్ లోదే. దాని కోసం అప్పటికి ఐదేళ్ళ క్రితమే మద్దతు ఆపేసిన ఎక్స్‌పీ కి కూడా మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చింది. అంత భయపడ్డారు. అందుకే ఆగస్టులో బావకి ఫోన్ చేసి, "అక్టోబర్ లోపల 2022 కి మారిపో బావా, ఆలస్యం చెయ్యకు" అని గట్టిగా చెప్పాను. ర్యామ్ ఎంత ఉండాలో చెప్పాను. ఎస్ఎస్‌డీ వెయ్యమన్నాను. బ్యాకప్ గురించి పావుగంట క్లాసు పీకాను. లైసెన్సుల గురించి ఒక్క ముక్క, ఒక్కటంటే ఒక్క ముక్క చెప్పలేదు. పన్నెండేళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను నేను!

ఎందుకు చెప్పలేదంటే, గుర్తు రాలేదు. ఎందుకు గుర్తు రాలేదంటే, మనకి లైసెన్సు అనేది 'టెక్నికల్' విషయం కాదు. అది పర్చేజ్ వాళ్ళ పని, అకౌంట్స్ వాళ్ళ పని. పెద్ద కంపెనీల్లో దానికో డిపార్ట్‌మెంటు ఉంటుంది, మనం టికెట్ పెడితే ఎవరో చూసుకుంటారు. పాలకొల్లు కొబ్బరి కొట్లో ఆ డిపార్ట్‌మెంటు ఎక్కడుంది? బావకి తెలిసిన కంప్యూటర్ మనుషులు ఇద్దరే. సర్వర్ పెట్టిన కుర్రాడు, నేను.

ఆ కుర్రాడికి ఫోన్ చేశాం. ఇరవై మూడేళ్ళుంటాయేమో, పండక్కి వాళ్ళ ఊళ్ళో ఉన్నాడు. పాపం, అబద్ధమేమీ ఆడలేదు. "సార్, లైసెన్సుల సంగతి మా ఓనర్ గారికి చెప్పానండి. కొటేషన్ లో అది కూడా వేస్తే రేటెక్కువైపోయి ఆర్డరు పోతుంది, 120 రోజులు టైముంది కదా, తర్వాత చూద్దాం అన్నారండి. తర్వాత నేనూ మర్చిపోయానండి" అన్నాడు. వెంటనే, గొంతు తగ్గించి, "ఇప్పుడైనా పర్లేదు సార్, రిజిస్ట్రీలో గ్రేస్ పీరియడ్ కీ ఒకటుంటుంది, అది డిలీట్ చేసి రీస్టార్ట్ కొట్టేస్తే మళ్ళీ 120 రోజులొస్తాయి. అందరూ అదే చేస్తారండి" అన్నాడు.

అందరూ అదే చేస్తారు. నిజమే. నేనూ చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక క్లయింటు దగ్గర ఆ పని చేసి, మేనేజర్ చేత శభాష్ అనిపించుకున్నాను కూడా. మళ్ళీ నాలుగు నెలలకి అది ఆగిపోయినప్పుడు నేను వేరే ప్రాజెక్టులో ఉన్నాను. ఎవరు తిట్లు తిన్నారో నాకు తెలీదు. ఆ రోజు గొడౌను ముందు నిలబడ్డ జనాన్ని చూసేదాకా ఆ సంగతి మళ్ళీ తలుచుకోలేదు కూడా.

బావ స్పీకర్ లో అంతా విన్నాడు. విని ఒకే ప్రశ్న వేశాడు. "అంటే ఇది మనం అరువు మీద వాడుతున్నామా? మరి అరువని నాకెవడూ చెప్పలేదేంటి?"

నేను ఈ టపా రాస్తున్నదే ఈ ప్రశ్న కోసం.

మా ఊళ్ళో అరువు లేకుండా వ్యాపారం లేదు. దింపుకి ముందే రైతుకి అడ్వాన్సు, లారీ వెళ్ళిన నెలకి గానీ రాని డబ్బు, అంతా అరువే. కానీ ప్రతిదీ ఎక్కడో రాసి ఉంటుంది. ఎవరికెంత, ఏ తారీఖుకి అని. రాయకుండా తెచ్చిన అరువుని మావాళ్ళు అరువు అనరు, ఇంకో మాట అంటారు. మన ఫీల్డులో మాత్రం గ్రేస్ పీరియడ్ ని, ట్రయల్ ని, ఎవాల్యుయేషన్ ఎడిషన్ ని 'టైముంది కదా' అంటాం. ఎవరి టైము? అరువు తెచ్చేది మనం, తీర్చాల్సినవాడికి మాత్రం ఆ సంగతే తెలియదు!

లైసెన్సు నిబంధనల మీద కోపం రాదా అంటే నాకూ వస్తుంది. బావ 2014 లో 15 కాల్స్ డబ్బు పోసి కొన్నాడు, బిల్లు కూడా ఉంది. అవి 2012 వి. కొత్త వెర్షన్ కాల్ తో పాత సర్వర్ లోకి వెళ్ళొచ్చు గానీ, పాత కాల్ తో కొత్త సర్వర్ లోకి వెళ్ళడానికి లేదు. అంటే ఆ 15 కాల్స్ 2022 సర్వర్ ముందు చిత్తు కాగితాలు. మనిషి అదే, కుర్చీ అదే, చేసే పని అదే, మళ్ళీ కట్టాలి. ఇది న్యాయమా అని బావ అడిగితే నా దగ్గర సమాధానం లేదు. పైగా ఈ కథ ఎప్పుడూ ఒకేలా లేదు. 1998 లో ఎన్టీ 4.0 టెర్మినల్ సర్వర్ వచ్చింది. విండోస్ 2000 సర్వర్ కాలంలో, విండోస్ 2000 ప్రొఫెషనల్ ఉన్న కంప్యూటర్ నుంచి వస్తే విడిగా టెర్మినల్ లైసెన్సు కొననక్కర్లేదు. సర్వర్ 2003 తో ఆ వెసులుబాటు ఎత్తేశారు. ఇచ్చేవాడి ఇష్టం.

ఇది మా ఊరికి కొత్త కూడా కాదు. 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు పాలకొల్లులో వర్తకశాల పెట్టుకున్నారు. గోల్కొండ సుల్తానుల ఫర్మానాల మీద ఇక్కడ వ్యాపారం చేసుకున్నారు. 1687 లో గోల్కొండ మొగలుల చేతికి పోయింది. దాంతో పాత ఫర్మానాలు పట్టుకుని కూర్చుంటే లాభం లేదని, ఔరంగజేబు దగ్గరికి రాయబారం పంపి మళ్ళీ కొత్తగా హక్కులు రాయించుకున్నారు. వాళ్ళకీ ఒళ్ళు మండే ఉంటుంది. కానీ ప్రభువు మారాడని తెలిసిన వెంటనే కాగితం సంగతి చూసుకున్నారు, సరుకు ఓడెక్కే రోజు దాకా ఆగలేదు. మనం కొన్నది వస్తువు కాదు, అనుమతి. అనుమతికి వెర్షన్ ఉంటుంది, లెక్క ఉంటుంది, గడువుంటుంది. అది నచ్చకపోతే లైనక్స్ కి మారిపోవచ్చు, బ్రౌజర్ లో నడిచే సాఫ్ట్‌వేర్ కొనుక్కోవచ్చు, సర్వర్ మార్చేముందు ఆ లెక్కా వేసుకోవచ్చు. నచ్చలేదు కాబట్టి రిజిస్ట్రీ చెరిపేస్తాననడం మాత్రం జవాబు కాదు. పట్టుబడితే బాధ్యత కీ డిలీట్ చేసినవాడిది కాదు, కొట్టు యజమానిది.

సరే, ఆ రోజు ఏం చేశామో చెప్తాను.

ముందు కూలీల సంగతి. గుమాస్తా గారు ఎవర్నీ అడక్కుండా బీరువాలోంచి పాత చిట్టా పుస్తకం తీశారు. మేస్త్రీల దగ్గర రోజువారీ కాయల లెక్క చీటీలున్నాయి. అవి చూసుకుంటూ, నోటితో లెక్కేస్తూ, చేత్తో రాసి డబ్బులిచ్చేశారు. మధ్యాహ్నం రెండింటికల్లా గొడౌను ముందు ఖాళీ. నేను, నా సర్టిఫికేషన్లు, ఒక పక్కన కూర్చుని చూశాం :-). కాకపోతే చీటీలు దొరకని నలుగురికి మాత్రం అంచనాగా సగమే ఇచ్చి, మిగతాది పండగ తర్వాత అన్నారు. వాళ్ళు ఏమీ అనలేదు. వెళ్ళిపోయారు. ఆ నలుగురి పండగ నా ఖాతాలోనే రాసుకున్నాను.

ఈలోపు నేను పాత సర్వర్ గురించి అడిగాను. అది ఉంటే చిక్కే లేదు. పాత 2012 ఆర్2 మీద పాత కాల్స్ ఇంకా చెల్లుతాయి. సెక్యూరిటీ ప్రమాదమే గానీ, ఇంటర్నెట్ వైపు మూసేసి ఆఫీసు వరకు రెండు రోజులు నడిపేవాళ్ళం. ఎక్కడుందది? ఎక్స్ఛేంజ్ లో ఇచ్చేశారట. డిస్కు చెరిపేసి, పెట్టె పట్టుకుపోయారు. కాల్స్ ఉన్న లైసెన్స్ డేటాబేసు కూడా దాంతోపాటే పోయింది.

నిజానికి లైసెన్సుల మైగ్రేషన్ పెద్ద బ్రహ్మవిద్య కాదు. కొత్త సర్వర్ లో లైసెన్సింగ్ రోల్ పెట్టి, మైక్రోసాఫ్ట్ క్లియరింగ్‌హౌస్ తో యాక్టివేట్ చేసి, లైసెన్సింగ్ మేనేజర్ లో మేనేజ్ లైసెన్సెస్ విజార్డ్ తెరిస్తే అదే అడుగుతుంది, పాత లైసెన్స్ సర్వర్ ని మారుస్తున్నావా, లేక అది చెడిపోయిందా అని. నెట్ ఉంటే నెట్ మీద, లేకపోతే వెబ్‌సైటులోనో ఫోన్ మీదో అయిపోతుంది. పాత సర్వర్ నెట్‌వర్క్ లో లేకపోయినా కుదురుతుంది, అక్కడి కాల్స్ నేనే తీసేస్తానని ఒక పెట్టెలో టిక్కు కొట్టాలి. అంతే. కానీ చివర్లో ఒకటి అడుగుతుంది. ఏ ప్రోగ్రాంలో కొన్నావు, అగ్రిమెంటు నంబరేంటి అని. అక్కడే అందరం బోర్లా పడేది. బావ కొన్నది ఓపెన్ లైసెన్స్ ప్రోగ్రాంలో. ఆ ప్రోగ్రాంలో కొత్తగా అమ్మడం 2021 డిసెంబర్ తో ఆపేశారు. నంబర్లున్న మెయిల్ 2014 లో అక్కడ పనిచేసిన అకౌంటెంటు సొంత మెయిల్ ఐడీకి వచ్చింది. ఆయన ఎప్పుడో మానేశాడు. బావ దగ్గరున్నది డీలరిచ్చిన బిల్లు మాత్రమే, దాని మీద ఆ నంబర్లు లేవు. ఇంత వ్యాపారానికీ అనుమతి ఇచ్చే కాగితం, ఊళ్ళోనే లేని మనిషి ఇన్‌బాక్స్ లో ఉంది!

మరో తెలివైన పని కూడా తప్పింది. ఆ కంప్యూటర్ల షాపు వాళ్ళు ఒకప్పుడు నోటిమాటగా ఇచ్చిన కొటేషన్ లో 15 యూజర్ కాల్స్ అన్నారట. బావ ఆఫీసులో డొమైన్ లేదు, అంతా వర్క్‌గ్రూపే. 2019 నుంచి వచ్చిన సర్వర్లలో వర్క్‌గ్రూపులో యూజర్ కాల్స్ పనిచెయ్యవు. లైసెన్సు సమస్య ఉంది, 60 నిమిషాల్లో కనెక్షన్ తెంపేస్తాను అంటుంది, అన్నట్టే తెంపేస్తుంది. డొమైన్ లేనివాళ్ళు డివైస్ కాల్సే కొనాలి. తెలియక కొనుంటే అంత డబ్బూ పోసి మళ్ళీ గంటగంటకీ ఇదే గోల.

దాంతో కూర్చుని, సర్వర్ లోకి వచ్చే కంప్యూటర్లెన్నో లెక్కపెట్టాం. మనుషులు పదిహేనుమందే గానీ, కంప్యూటర్లు తొమ్మిది. ఒకే కౌంటర్ లో పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు. బావ లాప్‌టాప్, ఫోను కలిపితే పదకొండు. పదిహేను అనే అంకె 2014 లో ఎవరో అంటే అలా ఉండిపోయింది, పదేళ్ళు ఎవరూ మళ్ళీ లెక్కపెట్టలేదు. డివైస్ కాల్ ఒకసారి ఒక కంప్యూటర్ కి ఇస్తే దానికే ఉండిపోతుందేమో, కంప్యూటర్ పాడైతే ఎలా అని బావ అడిగాడు. అలా ఉండదు. ఇచ్చిన కాల్ కి 52 నుంచి 89 రోజుల గడువుంటుంది. ఆ కంప్యూటర్ మళ్ళీ రాకపోతే కాల్ తిరిగి సర్వర్ కొచ్చేస్తుంది. తొందరైతే మొత్తంలో ఇరవై శాతం వరకు మనమే వెనక్కి లాక్కోవచ్చు.

కొనడం సంగతి తేలింది గానీ, సంక్రాంతికి డీలర్ ఎవడు దొరుకుతాడు? అప్పుడు గుర్తొచ్చింది. లైసెన్సింగ్ రోల్ పెట్టి, డివైస్ పద్ధతికి మారిస్తే, కొన్న కాల్స్ లేకపోయినా మొదటిసారి వచ్చిన ఒక్కో కంప్యూటర్ కి 90 రోజుల తాత్కాలిక లైసెన్సు ఇస్తుంది. దొడ్డిదారి కాదు, మైక్రోసాఫ్ట్ తనే పెట్టిన దారి. కుర్రాడి దగ్గర పాస్‌వర్డ్ తీసుకుని, రోల్ పెట్టి, యాక్టివేట్ చేసి, వర్క్‌గ్రూపు కాబట్టి లోకల్ గ్రూప్ పాలసీలో లైసెన్స్ సర్వర్ పేరు, పద్ధతి రాసేసరికి సాయంత్రం నాలుగున్నర. రాజోలు కౌంటర్ వాళ్ళు ముందుగా లోపలికొచ్చారు. తర్వాత ఒక్కొక్కరూ.

గ్రేస్ పీరియడ్ ఉండగానే ఈ రోల్ పెట్టి ఉంటే, ఆ పొద్దున్న ఏమీ జరిగేదే కాదు. గంట పని.

బావకి సంగతంతా చెప్పాను. ఇది కూడా 90 రోజుల అరువేనని చెప్పాను. ఈసారి బావ నా మాటకి ఆగలేదు. సుద్ద ముక్క తీసుకుని, లారీ నంబర్లు రాసుకునే గోడ మీద పెద్దక్షరాలతో రాశాడు: "కంప్యూటర్ అరువు. ఏప్రిల్ 12." కింద గుమాస్తా గారు చిన్నగా "ఉగాది వెళ్ళిన మూడోరోజు" అని చేర్చారు.

ఫిబ్రవరిలోనే 2022 డివైస్ కాల్స్ పదకొండు, వాటితోపాటు మామూలు సర్వర్ కాల్స్ కూడా కొన్నాడు. ఖర్చు తక్కువేం కాలేదు. సర్వర్ పెట్టె ఖరీదుకి దరిదాపుల్లోకి వచ్చింది. సెప్టెంబరులో ఈ మాట చెప్పి ఉంటే మారేవాడివా అని అడిగాను. "మారేవాణ్ణే. కాపోతే ర్యామ్ అంత ఎక్కువ వెయ్యనిచ్చేవాణ్ణి కాదు" అన్నాడు. అదీ పాయింటు. మొత్తం లెక్క ముందుంటే ఎక్కడ తగ్గించుకోవాలో వ్యాపారస్తుడికి మనకంటే బాగా తెలుసు. ఆ లెక్క దాచి, ఆయన మంచి కోసమే తగ్గించాం అనుకోవడం మన అహంకారం.

ఆ కంప్యూటర్ల షాపు ఓనర్ ని దొంగ అనడం నాకిష్టం లేదు. లైసెన్సు లైను వేసి కొటేషన్ ఇచ్చినవాడికి ఆర్డరు పోయి, వెయ్యనివాడికి ఆర్డరు వస్తున్నంతకాలం ఎవరైనా అలాగే చేస్తారేమో. కానీ మనం, నెలనెలా జీతాలు తీసుకుంటూ ఊళ్ళో చుట్టాలకి ఉచిత సలహాలిచ్చేవాళ్ళం, మనకి ఏ ఆర్డరూ పోదు కదా? మనం ఎందుకు చెప్పడం లేదు? నా వరకు నాకు తెలిసిన కారణం ఒకటే. లైసెన్సులు బోరు. ప్రాసెసర్ గురించి మాట్లాడితే తెలివైనవాళ్ళలా కనిపిస్తాం, కాల్స్ గురించి మాట్లాడితే గుమాస్తాల్లా కనిపిస్తాం. ఆ రోజు కొట్టుని నిలబెట్టింది ఎవరో మీరే చూశారుగా.

అప్పట్నుంచీ ఎవరు సర్వర్ అప్‌గ్రేడ్ అన్నా, ఆఫీసులో గానీ ఊళ్ళో గానీ, ర్యామ్ కంటే ముందు నాలుగు సంగతులు అడుగుతున్నాను. ఇప్పుడున్న కాల్స్ ఏ వెర్షన్, ఎన్ని, మనిషికా డివైస్ కా? వాటి నంబర్లున్న కాగితం ఎవరి దగ్గరుంది, ఆ మనిషి ఇంకా ఉన్నాడా? కొత్త సర్వర్ లో లైసెన్సింగ్ రోల్ మొదటి రోజే పెడుతున్నారా? కొత్తదానికి లైసెన్సులు ఎక్కి, అందరూ లోపలికొచ్చి పని చేశారని చూసుకునేదాకా పాత పెట్టె అటకెక్కించి ఉంచుతారా, లేదా? వీటికి జవాబుల్లేకపోతే అప్‌గ్రేడ్ వాయిదా వెయ్యమంటున్నాను. తిట్టుకున్నా సరే.

విండోస్ సర్వర్ 2016 కి మద్దతు 2027 జనవరి 12 తో ఆఖరు. చూశారా, మళ్ళీ భోగికి ముందే! మీ ఊళ్ళో, మీ బావ కొట్లోనో బాబాయి మిల్లులోనో అది నడుస్తుంటే, ఈ పండక్కి వెళ్ళినప్పుడు అరిసెలు తింటూ ఒక్కసారి ఆ నాలుగూ అడగండి. అరువేదైనా ఉంటే గోడ మీద తారీఖు రాసి రండి. సుద్దముక్క చాలు.